నేను ఎక్కని నిచ్చెన

ఢిల్లీ మయూర్ విహార్‌లో మా సొసైటీ పార్కు బెంచీ మీద నేను చెప్పే కథల్లో నిచ్చెన కథకే గిరాకీ ఎక్కువ. ఆడిటర్‌గా ఉన్న రోజుల్లో ఒక ఫ్యాక్టరీ గోదాములో సరుకు తనిఖీకి వెళ్లాను. కప్పు దాకా అట్టపెట్టెలు. వాచ్‌మన్ నిచ్చెన పట్టుకుంటే పైకెక్కి వెనక వరసను ఒక్క తన్ను తన్నాను. అన్నీ ఖాళీ! యజమాని సూట్‌కేసు తెరిచి కాళ్ల మీద పడ్డాడు. కాగితాలు చించి అతని మొహాన కొట్టి వచ్చేశాను. మొదట్లో అది చిన్న నిచ్చెనే. ఏటా ఒక మెట్టు పెరుగుతూ వచ్చింది. సూట్‌కేసు నిరుడే చేరింది.

మొన్న ఆదివారం ఎదురు బ్లాకులోని తెలుగు ఆఫీసరు గారి అమ్మాయి మా ఇంటికొచ్చింది. ఈమధ్యే సీఏ పాసై, గురుగ్రామ్‌లో ఒక ఆడిట్ ఆఫీసులో చేరింది.

"థాంక్స్ చెబుదామని వచ్చా అంకుల్. రేపు నా జాబ్ పోతుంది."

"అదేంటి తల్లీ?"

"గోదాముకు వెళ్లకుండానే 'స్వయంగా చూశాను' అని రాయమంటున్నారు మా సర్. వీడియో కాల్‌లో ముందు వరస చూపించారు, బస్, అంతే. కెమెరా వెనక వరసకు తిప్పండి భయ్యా అంటే నెట్‌వర్క్ పోయిందట. రాయకపోతే ఇక రావద్దన్నారు. నాన్న ఈ ఏడే రిటైరవుతున్నారు, రాజిందర్ నగర్‌లో సివిల్స్ కోచింగ్ తీసుకుంటున్న తమ్ముడి రూము అద్దె నేనే కడుతున్నా. భయమేసింది. అప్పుడే మీ నిచ్చెన గుర్తొచ్చింది. రాయను అంకుల్."

వంటింట్లో మిక్సీ ఆగింది. "చెప్పండి, ఇంకో మెట్టు కలిపి చెప్పండి" అంది మా ఆవిడ.

కాఫీ గ్లాసు కింద పెట్టాను. నా మాట నమ్మి ఈ పిల్ల బతుకుదెరువు వదులుకుంటోంది.

"నేను నిచ్చెన ఎక్కలేదమ్మా."

"మతలబ్... అంటే?"

"ముందు వరసలో ఒక పెట్టెను వేలితో తట్టాను. డొల్లగా మోగింది. వాచ్‌మన్ నిచ్చెన తెచ్చి 'చఢియే సాబ్' అని ఎక్కమన్నాడు. ప్యాంటు ఇస్త్రీ చెడుతుందన్నాను."

మా వృత్తిలో అదొక మర్యాద. ముందు వరస చూడాలి, టీ తాగాలి, వెనక ఏముందని అడగకూడదు. అడిగితే క్లయింటును అవమానించినట్టు. మేనేజరు ఏసీ గదిలో కూర్చుని, 'స్వయంగా పరిశీలించాను' అని రాసి సంతకం పెట్టాను.

"మరి సూట్‌కేసు?"

"సమోసాలు తెప్పించారు, అంతే. లంచం ఇచ్చి ఉంటే తప్పు చేస్తున్నానని అప్పుడే తెలిసేదేమో."

"తర్వాత మీకేమైంది?"

"నాకేమీ కాలేదమ్మా. ఫ్యాక్టరీ మూతపడింది. ఒకరోజు అటు వెళితే, జీతాల కోసం గేటు ముందు కూర్చున్నవాళ్లలో ఆ వాచ్‌మన్ ఉన్నాడు. నన్ను చూసి లేచి సలాం కొట్టాడు."

అమ్మాయి నావంక చూడలేదు. "నాకు లేని ధైర్యం చూసి నువ్వు ఉద్యోగం వదులుకోకు" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే సిగ్గేసింది.

గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఆడిట్ లెటర్ నా దగ్గరే ఉంది, లోపలికి రానిస్తారు. పొద్దున్నే గోదాము చూసి, చూసిందే రాసి సర్‌కిస్తా. మీరు రండి. ఎక్కక్కర్లేదు, కింద పట్టుకోండి చాలు."

"మోకాళ్లమ్మా..."

"ఇస్త్రీ లేని ప్యాంటు తీసి పెడతాను" అంది వంటింట్లోంచి మా ఆవిడ.

మర్నాడు వెళ్లాం. ఆమె ఎక్కింది, నేను పట్టుకున్నాను. పైన పెట్టెలు జరిపిన చప్పుడు వినబడింది. దిగాక, "ఏముంది?" అన్నాను ఆత్రంగా. ఆమె చేతుల దుమ్ము దులుపుకుంది.

"క్లయింట్ విషయం అంకుల్. బయటివాళ్లకి చెప్పకూడదు."

సాయంత్రం ఫోను చేసి ఉద్యోగం పోయిందని మాత్రం చెప్పింది. ఏడవలేదు. నేను ఫోను మా ఆవిడకిచ్చి బాల్కనీలోకి వెళ్లాను.

కింద పార్కులో బెంచీ నిండా జనం, నాకోసం చేతులూపుతున్నారు. ఇవాళ దిగివెళ్లి ఒక్క సంగతి సరిదిద్దాలి. ఆ నిచ్చెన చిన్నది. నేను ఎక్కగలిగినదే, అయినా ఎక్కలేదు.