నాన్న తుపాకి నాతో రాలేదు

భిలాయిలో పుట్టినవాళ్ళకు ఆస్తి అనే మాట పెద్దగా అలవాటుండదు. ఇల్లు స్టీలు ప్లాంటుది, ఇంట్లో ఫ్యాను ప్లాంటుది, పెరట్లో మామిడిచెట్టూ ప్లాంటుదే. నాన్న పోయాక రిసాలి క్వార్టరు అప్పగించేసి, అమ్మను స్మృతి నగర్‌లో ఓ అద్దెవాటాలోకి మార్చాం. చూసుకుంటే మాదంటూ మిగిలింది ఒక్క తుపాకి. అదీ ఇంట్లో లేదు. లైసెన్సు ఉన్న మనిషి పోతే తుపాకిని పోలీసు స్టేషన్‌లో పెట్టాలి కనుక అక్కడ ఉంది.

అది తాతది. విజయనగరం దగ్గర చెరుకు తోటల్లోకి అడవిపందులు దిగకుండా కొనుక్కున్న ఒంటి గొట్టం తుపాకి. తాత పోయాక నాన్న లైసెన్సు తన పేరుకు మార్పించుకుని ఇక్కడికి తెచ్చుకున్నాడు. భిలాయిలో అడవిపందులెక్కడివి? ఒక్కసారైనా పేలిన పాపాన పోలేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్‌లో అప్పగించాలి. దుప్పట్లో చుట్టి స్కూటరు మీద తీసుకెళ్ళేవాడు. వెనక నేను దాన్ని చంటిపిల్లలా పట్టుకుని కూర్చునేదాన్ని. సుపేలా బజారు దాటుతుంటే నాన్న వీపు నిటారుగా అయ్యేది. ఆయనలో అంత దర్జా నేను మరెప్పుడూ చూడలేదు. కొడుకు లేడు కదా, తుపాకి ఎవరికని చుట్టాలు ఎకసెక్కాలాడితే, "నా కూతురికి" అనేవాడు.

అందుకే పట్టుబట్టాను. నేనుండేది న్యూజిలాండ్‌లో. వారసత్వంగా వచ్చిన తుపాకిని అక్కడికి తెచ్చుకోవచ్చు, కానీ ముందు మనకు అక్కడి లైసెన్సు ఉండాలి. పరీక్ష రాశాను. గోడకు బిగించిన ఇనప బీరువా పెట్టించాను. పోలీసులు ఇంటికొచ్చి, నాకు కోపం ఎక్కువా అని మా ఆయన్ని విడిగా అడిగారు. పాపం, ఆయన అబద్ధం చెప్పాడు. నాన్న లైసెన్సు పుస్తకంలోని తుపాకి నంబరు వేసి అక్కడి అనుమతి ఇచ్చారు. ఇక దేశం దాటించడానికి ఇక్కడి అనుమతి కావాలి. పుస్తకంలోని నంబరూ తుపాకి మీది నంబరూ ఒకటేనని స్టేషన్‌ వాళ్ళు రాసిస్తే చాలన్నారు. ఆ కాగితం కోసం వచ్చాను.

హవల్దారు తుపాకి తెచ్చి గుడ్డ విప్పాడు. తళతళలాడింది. "క్యా చమక్ హై, దీదీ" అని మెచ్చుకున్నాడు. తర్వాత నంబరు కోసం వెతికాడు. తిప్పి చూశాడు, టార్చి వేశాడు, సుద్దపొడి రాసి ఊదాడు. అంకెలు ఉండాల్సిన చోట ఇనుము నున్నగా ఉంది. ఇన్నేళ్ళూ ఎన్నికలప్పుడు పుస్తకం చూసి నంబరు ఎక్కించుకున్నారు తప్ప, తుపాకిని తిప్పి చూసినవాళ్ళు లేరు.

నంబరు లేని తుపాకి లావారిస్ అన్నాడు ఇన్‌స్పెక్టరు. అంటే వారసులు లేనిదని. నేను ఆయన ఎదురుగానే కూర్చున్నాను. ల్యాబుకు పంపితే అంకెలు పైకి తేలవచ్చట, కానీ ముందు నంబరు చెరిపినవాళ్ళ మీద కేసు రాయాలట.

"కిస్‌నే మిటాయా?" అని అడిగాడు. ఎవరు చెరిపారని.

తుప్పంటే మా భిలాయి వాళ్ళకు పాముకన్నా భయం. ఇనుము రుద్దే ఎమరీ పేపరు ప్రతి ఇంట్లో ఉంటుంది. ఏటా ఆయుధపూజకు ముందు అమ్మ ఆ పేపరుతో తుపాకిని తోమేది. ఆ పని మరొకర్ని ముట్టనిచ్చేది కాదు.

"తెలీదు" అన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. కేసు వద్దనుకుంటే తుపాకి వదులుకుంటున్నానని రాసిచ్చేయమన్నాడు, వాళ్ళు ధ్వంసానికి పంపేస్తారట. రాసిచ్చాను. బయటికొచ్చి ఆటో ఎక్కాక, ఎవర్ని తిట్టాలో నాకు తెలియలేదు. నా బతుకులో అలా ఎప్పుడూ జరగలేదు. నాన్న ఇంకోసారి పోయినట్టనిపించింది, ఈసారి సంతకం పెట్టింది నేను.

అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏటయ్యిందే? ఇచ్చీసినారా?"

"ఇంకా టైము పడుతుందటమ్మా."

"తుప్పేటైనా పట్టీసిందేటి?"

"లేదమ్మా. అద్దంలా ఉంది. హవల్దారు కూడా మెచ్చుకున్నాడు."

అమ్మ ముఖం విప్పారింది. నన్ను లోపలికి లాక్కెళ్ళి నా పెట్టె తెరిచింది. బట్టల కింద, నాన్న దాచి ఉంచిన ఎమరీ పేపర్లన్నీ చుట్టచుట్టి పెట్టేసింది. "మీది వానలూరంతావు కదా. అట్టికెళ్ళు" అంది. తర్వాత తుపాకి గొట్టం అనుకోమని అప్పడాల కర్ర నా ఒళ్ళో పెట్టి, నా చేతిమీద తన చేయి వేసి రుద్దించింది.

"పైపైన రుద్దితే సాలదు. గొట్టం మొదట్లో అంకెలు సెక్కుంటాయి సూడు, ఆ గీతల్లోనే తుప్పు దాక్కుంతాది. అక్కడ గట్టిగా రుద్దాలి."

అలాగేనమ్మా అని రుద్దాను.

"ఇంకా గట్టిగా" అంది.