అప్పున్న భాగం నాకంటే నాకు

ఈ రోజు కడపలో ఒక పంపకానికి మధ్యవర్తిగా కూర్చున్నాను. సుధాకర్, సుజాత నా పాత స్నేహితులు. మొగుడూ పెళ్లాలుగా ఉన్నప్పుడు రాజంపేట రోడ్డులో వెంచర్ వేశారు. బోర్లలో నీళ్లు పడలేదు, ప్లాట్లు అమ్ముడుపోలేదు, ఆ తర్వాత విడాకులూ అయ్యాయి.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఒకరు భాగాలు వేస్తే, రెండోవాళ్లు ముందు ఎంచుకోవాలి. సుధాకర్ భాగాలు వేశాడు. రోడ్డు పక్క ప్లాట్లు, కొంచెం అప్పు ఒకవైపు. వెనకున్న రాళ్ల ప్లాట్లు, ప్లాట్లకని జనం ముందుగా కట్టిన, ఇప్పుడు తిరిగివ్వాల్సిన అడ్వాన్సులన్నీ ఇంకోవైపు. ఇంత తేడా ఏమిటని నేను అడిగేలోపే సుజాత రాళ్ల భాగం మీద వేలు పెట్టింది.

"అడ్వాన్సులు ఇచ్చినోళ్లంతా నా మొగం చూసి ఇచ్చినారు. వాళ్లకు నేనే కడతా" అంది.

సుధాకర్ మొహం మాడిపోయింది. "నువ్వు మంచిది తీసుకుంటావనే కదా అట్ల వేసింది. ఆ రాళ్ల భాగం నాకు ఇడిసిపెట్టు."

ఆమె వినలేదు. ఆ అప్పు నాదంటే నాదని చాలాసేపు వాదించుకున్నారు. చివరికి సుధాకరే తగ్గాడు.

మరి విడాకులెందుకు తీసుకున్నారు అన్న మాట నా నోటిదాకా వచ్చింది. మింగేసి, టీ తాగి వచ్చేశాను. మీరైతే అడిగేవాళ్లా?