తోటికోడళ్ళ తీర్మానం

ఆ లాండ్రీలో ఆమెను అందరూ మిషనక్క అనేవారు. ఆసుపత్రుల నుంచీ లాడ్జీల నుంచీ వచ్చే దుప్పట్లను ఉతికి, ఆరబెట్టి, మడిచి పంపే పెద్ద లాండ్రీ అది. మిషనక్క పని మడతలు. దుప్పటి ఆమె చేతికి చిక్కిందంటే ఇక దాని పని అయిపోయినట్టే. కళ్ళు మూసి తెరిచేలోగా చదునుగా బల్ల మీద పడుకునేది. ఆ పేరు పెట్టింది సూపర్‌వైజరు. పొగడ్త అనుకుని ఆమె మురిసిపోయింది. దాని వెనక ఉన్న మతలబు ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెబితే వినే రకమూ కాదు.

ఇంట్లోనూ ఇదే వరస. మొగుడు విప్పిన చొక్కా ఇంకా వెచ్చగా ఉండగానే మడతపడేది. ఆయన ఒకసారి పేపరు చదువుతూ కునుకు తీస్తే, లేచేసరికి అది నాలుగు మడతలై దిండు కింద ఉంది. “ఇంకాసేపు పడుకుని ఉంటే నన్నూ మడిచేసేది,” అని టీకొట్టు దగ్గర చెప్పి ఆయన అందరినీ నవ్వించేవాడు. ఆమె ముందు చెప్పే ధైర్యం మాత్రం లేదు.

పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని, చేతులెత్తి విదిలించి, ఎదురెదురుగా నడిచి అంచులు కలపాలి. మిషనక్కకు జోడీ ఎవరంటే సాక్షాత్తూ ఆమె తోటికోడలే. మరిది పెళ్ళాం. ఇద్దరివీ పక్కపక్క వాటాలు, మధ్యలో ఒక్క గోడ. అన్నదమ్ములిద్దరూ ఒకే బీడీ పంచుకునేంత ప్రేమగా ఉంటారు. ఆడవాళ్ళిద్దరికీ మాత్రం ఏళ్ళ తరబడి మాటల్లేవు.

మాటల్లేకుండా ఒకే దుప్పటి ఎలా పట్టుకుంటారని మీరు అడగొచ్చు. తమాషా అంతా అక్కడే ఉంది. వాళ్ళు దుప్పటితోనే మాట్లాడుకునేవారు. ఒక లాగు లాగితే ‘సరే, నడువు’ అని. రెండు లాగితే ‘చిరిగింది, పక్కన పడెయ్’ అని. ఉన్నట్టుండి గట్టిగా గుంజారంటే అది దుప్పటికి సంబంధించింది కాదు, సొంత విషయం. మిగతా జోడీలు పిల్లల సంగతులూ అత్తల సంగతులూ కలబోసుకుంటూ మడుస్తుంటే, వీళ్ళిద్దరూ పళ్ళు బిగించి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా టపటపా లాగించేసేవారు. లాండ్రీ మొత్తంలో వాళ్ళంత వేగమైన జోడీ లేదు.

సూపర్‌వైజరు ఆ జోడీని చూపించే అందరికీ టార్గెట్ పెట్టాడు. “వాళ్ళవీ చేతులేగా, మీవీ చేతులేగా,” అనేవాడు. దాంతో మిగతావాళ్ళకు మంచినీళ్ళు తాగే తీరిక లేదు, నడుం వాల్చే దిక్కు లేదు. టార్గెట్ తప్పినవాళ్ళకు మర్నాడు పనే లేదు.

చివరికి విసిగిపోయి పనివాళ్ళు యూనియన్ పెట్టుకున్నారు. వాషింగ్ మిషన్లు నడిపే ఆయన సెక్రటరీ అయ్యాడు. రోజంతా మిషన్ల హోరులో అరిచి అరిచి, గదిలో నలుగురున్నా మైదానంలో ఉన్నట్టే మాట్లాడేవాడు. కూర్చోవడానికి స్టూళ్ళు ఇవ్వండి, ఆవిరి పోవడానికి ఫ్యాన్లు పెట్టండి, టార్గెట్ తగ్గించండి అని అడిగారు. స్టూళ్ళకూ ఫ్యాన్లకూ యజమాని గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. టార్గెట్ దగ్గర మాత్రం, “లేబర్ ఆఫీసరు వచ్చి స్టాప్‌వాచ్ పెట్టి కొలుస్తాడు. ఎంత తేలితే అంతే. తర్వాత మాట మార్చేది లేదు, నేనూ మార్చను, మీరూ మార్చకూడదు,” అన్నాడు.

సెక్రటరీ ఛాతీ విరిచాడు. “మా సభ్యుల్లో ఎవర్నైనా కొలుచుకోండి! మాకేం భయం!”

“అయితే మిషనక్క జోడీని కొలుస్తాం,” అన్నాడు యజమాని.

సెక్రటరీ నోరు తెరిచాడు గానీ, జన్మలో మొదటిసారి అందులోంచి శబ్దం రాలేదు.

సైకిల్ షాపు మీద ఉన్న యూనియన్ గదిలో ఆ సాయంత్రమే అందరూ చేరారు. సెక్రటరీ తల దించుకుని జరిగింది చెప్పాడు. పాత వేగమే తేలితే మడత సెక్షన్‌లో సగం మంది ఇంటికి పోవాల్సిందేనని కూడా చెప్పాడు. అందరూ మిషనక్కకేసి చూశారు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బావుండునని ఆమెకు అనిపించింది. తను ఇన్నాళ్ళూ మురిసిపోయిన పేరు ఇంతమంది మెడకు చుట్టుకుందని అప్పుడు తెలిసింది ఆమెకు.

ఓ పాత దుప్పటి తెచ్చి, “అక్కా, కాస్త నిదానంగా మడువు చూద్దాం,” అన్నారు. మొదటి మడత నిదానంగానే వేసింది. రెండో మడతకు చేతులు ఆమె మాట వినడం మానేశాయి. మనసులో లెక్క పెట్టుకోమన్నారు. లెక్కే పరుగెత్తింది. పాట పాడుకోమన్నారు. పల్లవి పూర్తికాకుండానే దుప్పటి పూర్తయింది. ఇలా కాదని సెక్రటరీ తనే దుప్పటి పట్టుకుని నిదానం అంటే ఏమిటో చూపించబోతే, అతని చేతిలోంచి లాక్కుని మడిచేసింది.

“అంత వంకరగా పట్టుకుంటే చూడలేను బాబూ,” అంది.

మడతలతో పాటు చిరుగులూ కుట్టే పెద్దమ్మ మూల కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటోంది. టార్గెట్ తప్పితే ముందు పోయేది ఆమే. “ఒరే సెక్రటరీ,” అంది. “మేమంతా ఎందుకు నిదానంగా చేస్తాం? మాట్లాడుకుంటాం కాబట్టి. మాట్లాడాలంటే ఎదుటి మనిషి ముఖం చూడాలి, ముఖం చూస్తే చెయ్యి ఆగుతుంది. వీళ్ళిద్దరికీ ఆ బెడద లేదు. ముందు వీళ్ళకు మాటలు కలపండ్రా.”

సెక్రటరీకి ప్రాణం లేచొచ్చింది. బల్ల మీద గుద్దాడు. “కార్మికుల విశాల ప్రయోజనాల దృష్ట్యా, తోటికోడళ్ళిద్దరూ కొలత రోజున పరస్పరం మాట్లాడుకోవాలని ఈ సభ తీర్మానిస్తోంది!”

చేతులన్నీ లేచాయి, ఆ ఇద్దరివీ తప్ప.

“ముందు ఆవిణ్ణి మాట్లాడమనండి,” అంది మిషనక్క గోడకేసి చూస్తూ.

“పెద్దవాళ్ళు ముందు మాట్లాడటం మర్యాదని ఆవిడగారికి చెప్పండి,” అంది తోటికోడలు కిటికీకేసి చూస్తూ.

ఎవరికి ముందు నోరు పెగిలితే వాళ్ళే మాట్లాడాలని తీర్మానానికి సవరణ తెచ్చారు. అదీ నెగ్గింది. నెగ్గించుకున్న సభ ఇంటికి పోయింది. తోటికోడళ్ళిద్దరూ ఎడమొహం పెడమొహంగా ఒకే దారిన, ఒకే గుమ్మం దాకా నడిచారు.

కొలత రోజు రానే వచ్చింది. మెడకు టై బిగించుకున్న ఆఫీసరు స్టాప్‌వాచ్ తీశాడు. పక్కన సూపర్‌వైజరు పెళ్ళికొడుకు తరఫు మనిషిలా వెలిగిపోతున్నాడు.

“మొదలెట్టండి,” అన్నాడు ఆఫీసరు.

ఒక లాగు, నడక, మడత. ఒక లాగు, నడక, మడత. బల్ల మీద దొంతర లేస్తోంది. పెద్దమ్మ సూది ఆపేసి చూస్తోంది. సెక్రటరీ మిషన్ వెనక తల పట్టుకున్నాడు. మిషనక్క మాట్లాడాలి. ఇన్నేళ్ళ తర్వాత ఏమని మాట్లాడాలి? ఆలోచిస్తున్నకొద్దీ చేతులు ఇంకా జోరందుకుంటున్నాయి. ఇక లాభం లేదని నోటికొచ్చింది అనేసింది.

“బాగున్నావా?”

తోటికోడలి చేతిలో దుప్పటి ఉన్నపళంగా ఆగిపోయింది. “పక్క వాటాలో ఉంటూ ఇప్పుడా అడిగేది?”

“అడిగినా తప్పే, అడక్కపోయినా తప్పే! అసలు నాకు మనుషుల కన్నా మడతలే ఎక్కువని అత్తయ్యతో అన్నది నువ్వు కాదూ?”

“అన్నాను! ఎందుకన్నానో అదీ చెప్పు. కొత్తగా కాపురానికొచ్చి, ఎవరూ చెప్పకుండానే ఇంటిల్లిపాది బట్టలూ మడిచి బీరువాలో పెట్టాను. చుట్టాలందరి ముందూ అవన్నీ కింద పడేసి మళ్ళీ మడిచావు నువ్వు. ఒక్క చీరైనా వదిలావా?”

“వంకరగా ఉన్నాయి!”

“ఉంటే ఉన్నాయి! నీ కొంప మునిగిందా?”

దుప్పటి మధ్యలో వేలాడుతోంది. మాట మాటకూ ఓ జానెడు మడత పడుతోంది, మళ్ళీ విడిపోతోంది. సూపర్‌వైజరు ముఖంలో కళ తప్పింది.

“సార్, వీళ్ళు మామూలుగా మాట్లాడుకోరు సార్!”

“మాట్లాడకూడదని రూలుందా?”

“రూలు కాదు సార్, పగ!”

“పగని టార్గెట్‌లో ఎలా వెయ్యమంటావయ్యా?” అని ఆఫీసరు విసుక్కున్నాడు. ఆయనకూ తోటికోడళ్ళ కథ మధ్యలో ఆపడం ఇష్టం లేనట్టుంది.

“నువ్వు అంత చేసినా, నీ వెంట సమానంగా లాగానా లేదా?” తోటికోడలు నిలదీసింది. “ఏనాడైనా వెనకబడ్డానా? లాగీ లాగీ ఈ భుజం పోయింది. నువ్వు గుంజినప్పుడల్లా ప్రాణం పోయినంత పనయ్యేది. చెయ్యి లేవక నా తల మా ఆయన దువ్వుతున్నాడు. ఆయన తీసిన పాపిడి కనబడటం లేదూ?”

మిషనక్క చూసింది. పాపిడి అడ్డదిడ్డంగా ఉంది. రోజూ చూస్తున్నదే. చూసినప్పుడల్లా ‘దీనికి తల దువ్వుకోవడం కూడా రాదు’ అని మనసులో తిట్టుకుంది.

“మరి నాకు చెప్పలేదేం?”

“ఎలా చెప్పను? మనకు మాటల్లేవుగా!”

ఎవరూ నవ్వలేదు. మిషనక్కకు తల ఎత్తుకోలేనంత సిగ్గేసింది. తన తోటి ఆడదాని భుజాన్ని తన చేతులే తినేశాయి, అదీ కాస్త పేరు కోసం.

“నువ్వు చెయ్యెత్తకు,” అంది. “అక్కడే ఉండు, నేనొస్తాను.” దుప్పటిని కిందుగా పట్టుకుని, అంత దూరమూ తనే నడిచి వచ్చి, ఆమె చేతిలో కొస పెట్టింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఆ నిదానానికి ఏ తీర్మానంతోనూ పని లేదు.

“ఇంకోసారి కొలుద్దాం సార్,” అని సూపర్‌వైజరు బతిమాలాడు.

“ఎన్నిసార్లు కొలిచినా ఇంతే,” అంది మిషనక్క. “చెప్పలేం, ఇంకాస్త తగ్గొచ్చు.”

మాట మార్చేది లేదని యజమానే అన్నాడు కాబట్టి, మింగలేక కక్కలేక ఆ కొలతకే ఒప్పుకున్నాడు. టార్గెట్ తగ్గింది. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. సెక్రటరీ స్టూలెక్కి, ఇది శ్రామికవర్గ చరిత్రలో మరపురాని రోజని ఉపన్యాసం అందుకున్నాడు. అది ఎప్పుడు ముగిసిందో నాకు తెలియదు, వినేవాళ్ళు ముందే వెళ్ళిపోయారు.

సాయంత్రం మిషనక్క నొప్పుల మందు సీసా తీసుకుని పక్క వాటా తలుపు తట్టింది. ఎదురొచ్చిన మరిది, ఆమెను చూసి బెదిరి, చెప్పులు కూడా వేసుకోకుండా అన్న దగ్గరికి పరుగెత్తాడు.

“ఏంటి?” అంది లోపల్నుంచి తోటికోడలు.

“అటు తిరిగి కూర్చో. రాస్తాను.”

“నీ చేతి వేగానికి నా తోలు ఊడొస్తుందమ్మా.”

మిషనక్క మందు అరచేతిలో పోసుకుని ఆ భుజం మీద చెయ్యి వేసింది. వేసి, కదిలించడానికి భయమేసి, అలాగే ఉంచేసింది.

“నొప్పెడితే చెప్పు,” అంది.

“చెబుతానక్కా,” అంది తోటికోడలు. “ఇక ఊరుకోను.”