గర్భిణుల పట్టీలో ఒక గీత

నాకు పట్టీలు రాయడమంటే మహా పిచ్చి. బడిలో హాజరైనా, చాకలికి వేసే బట్టలైనా స్కేలు పెట్టి గీతలు కొట్టందే నాకు తోచదు. ఆ రోజుల్లో నరసాపురం అవతల సముద్రపు ఒడ్డునున్న ఒక పల్లె బడిలో టీచర్ని, అక్కడే అద్దెకుండేదాన్ని. ఒక పెద్ద తుఫాను ఆ పల్లెను ఊడ్చిపెట్టిన మరుసటేడు, ఇంకోసారి అలా జరగకూడదని ఊళ్ళో కమిటీ పెట్టారు. "చదువుకున్నోరు, రాతపని మీరే చూడాలండి" అన్నారు. పొంగిపోయాను.

హెచ్చరిక రాగానే కాళ్ళున్నవాళ్ళు నడిచి తుఫాను షెల్టరుకు చేరాలి. మంచం పట్టినవాళ్ళకీ ముసలివాళ్ళకీ గర్భిణులకీ పట్టీలు రాశాం. వాళ్ళ ఇంటికి ట్రాక్టరు వెళ్తుంది. గడపగడపకూ తిరిగి నేనే చెప్పాను. "మీ పేరు రాసుకున్నామమ్మా. మీరు కదలకండి, మేమే వస్తాం."

గర్భిణుల పట్టీలో మూడో పేరు నా దగ్గర అయిదో క్లాసు చదివిన పిల్లది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. తండ్రి లేడు, తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. కార్తీకంలో ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. ఆ సాయంత్రమే ఎర్ర సిరాతో, స్కేలు పెట్టి మరీ, ఆ పేరు కొట్టేశాను. కాన్పయ్యాక ఇంకా గర్భిణేమిటి? ఏం తెలివండీ నాది! బాలింతలకు ఒక పట్టీ ఉండాలని నాకూ తట్టలేదు, కమిటీలో మీసాలు దువ్వుకునే పెద్దమనుషులకీ తట్టలేదు. ఇప్పుడుంది. అప్పుడు లేదు.

బిడ్డ పుట్టిన తొమ్మిదో రోజు పొద్దున కొబ్బరి మట్ట కదలలేదు. కాకి కూడా అరవలేదు. సముద్రం మాత్రం ఎవరో పెద్ద తిరగలి విసురుతున్నట్టు ఆగకుండా హోరుమంటోంది. రేడియోలో పదేపదే హెచ్చరికలు. మధ్యాహ్నానికి గాలి లేచింది. నేను ట్రాక్టరు ట్రాలీలో నిలబడి, వీధివీధీ తిరిగి, పేర్లు చదివి ఎక్కించాను. షెల్టరు మేడ మీదకు చేరాక మళ్ళీ చూసుకున్నాను. ఒక్క పేరు తప్పిపోలేదు.

"అందరూ వచ్చేశారండి!" అని గట్టిగా చెప్పాను.

మూల కూర్చున్న ముసలావిడ తలెత్తింది. "పురిటి పిల్లేదమ్మా?"

"నడిచి వచ్చే ఉంటుంది లెండి."

"ఏంటమ్మా ఆ మాట? తొమ్మిదో రోజు. పదకొండు వెళ్ళందే మైలతో గడపెలా దాటుద్ది? జనంలోకి తల్లి రానిత్తదా?"

మెట్ల దగ్గరున్న మగవాళ్ళ దగ్గరకు పరుగెత్తి చెప్పాను. అప్పటికే ఉప్పునీళ్ళు వీధుల్లోకి ఎక్కేశాయి. ముగ్గురు పడవవాళ్ళు నడుములకు తాడు బిగించుకుని దిగారు. నేనూ వస్తానన్నాను. "మిమ్మల్ని కూడా మొయ్యాలాండీ? కూచోండి!" అని కసిరారు. ఆ కసురు నాకు తగినదే.

కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూనే ఉన్నాను. ఒక పాక కప్పు లేచి నీళ్ళలో పడింది. ఎవరిదో తెలియలేదు. ఆ పిల్ల ఇల్లు కూడా పాకే. అన్నవరం కొండెక్కి వ్రతం చేయించుకుంటాను స్వామీ అని మొక్కుకున్నాను. పేరు కొట్టేసిన చేత్తోనే దణ్ణం పెడుతున్నానని సిగ్గేసింది. వాన తెర వెనక ఏమీ కనపడకుండా పోయింది.

చాలాసేపటికి మెట్ల మీద అలికిడయింది. ముందువాడి నెత్తిన చేపల గంప, దాని మీద ప్లాస్టిక్ పట్టా. గంపలోంచి పసిగుడ్డు కేరుమంది. వెనక ఇద్దరి భుజాల మీద వేలాడుతూ ఆ పిల్ల, తాడు చివర దాని తల్లి. అందరూ గబగబా జరిగి చోటిచ్చారు. మైల మాట ఒక్కరూ ఎత్తలేదు. నేను నా సంచిలోంచి చీర తీసి కప్పాను. ఏడుపు ఆగలేదు నాకు.

"పేరు రాసుకున్నారు గదండి, వత్తారని కూకున్నాం" అంది తల్లి, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే.

ఆ పిల్ల నా వంక చూసింది. దాని చూపులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది.

"ట్రాక్టరు మా గుమ్మం ముందు నుంచే వెళ్ళిందండి. టీచరుగారండీ అని కేకేశాను. మీరు పట్టీ చూసుకుంటున్నారండి."