గుటక మింగిన మాట

మొన్న శుక్రవారం బాన్సువాడ బస్టాండు దగ్గర పోలీసులు హెల్మెట్లు చూస్తున్నారని దూరం నుంచే పసిగట్టి, మా ఆయన బండిని రైస్‌మిల్లు వెనక సందులోకి తిప్పాడు. మా హెల్మెట్ ఇంట్లో ఉంది. కొన్న నాటి నుంచీ అందులో ఉల్లిగడ్డలు పోస్తున్నాం. సందులో బర్రెలు అడ్డం వచ్చి పది నిమిషాలు నిలబడ్డాం. "అన్యాయమైన చట్టాన్ని ధిక్కరించుడు గూడ ధర్మమేనే" అన్నాడు, పేడ వాసనకు ముక్కు మూసుకుని. నాకు నవ్వు ఆగలేదు. చట్టాన్ని ధిక్కరించిన మనిషిని నేను కళ్ళారా చూశాను. ఆయన సందుల్లోంచి పోలేదు. ఆయన మా మేనమామ. పన్నెండేళ్ళ కిందటి ముచ్చట.

మామ కాలువ మీద లష్కర్. అంటే తూముల తాళాలు ఆయన దగ్గరుంటాయి. ఏ ఊరి వంతు ఎప్పుడో పైనుంచి హుకుం వస్తే ఆ ప్రకారం తెరవాలి, మూయాలి. పొట్టి మనిషి, మాట కూడా మెల్లగానే ఉండేది. అయినా ఆయన సైకిల్ గట్టు మీద కనిపిస్తే పెద్ద పెద్ద ఆసాములు సైతం పారలు దించేవాళ్ళు. హుకుం విషయంలో ఆయన పట్టింపు మా ఇంట్లో అందరికీ అనుభవమే. ఒక యాసంగిలో మా పొలం నెర్రెలు బాస్తే, మా నాయిన వెళ్ళి ఒక్క గంట నీళ్ళు వదలమని బతిమాలాడు. "బావా, ఇయ్యాల నీకు ఇడిస్తే రేపు ఎవ్వల్ని వద్దంట? తాళం బెట్టిందే ఆఖరోని పొలం దాక నీళ్ళు పోవాలెనని" అన్నాడట. మా అమ్మ ఆర్నెల్లు తమ్ముడితో మాట్లాడలేదు. రాఖీ పండక్కి మాత్రం వెళ్ళి, నోరు మెదపకుండా కట్టి, మిఠాయి కూడా పెట్టకుండా తిరిగొచ్చింది.

అట్లాంటి మనిషికి ఆ ఏడు పరీక్ష వచ్చింది. నీళ్ళు తక్కువగా ఉన్నాయి. ఆఖరి తూము కింద ఒక తండా, వాళ్ళ వరి పొట్ట మీదుంది. పై ఊళ్ళ చెరుకుకు నీళ్ళు చాలడం లేదు, ఆఖరి తూముకు తాళం వేయమని హుకుం. ఆ ఒక్క తడి అందకపోతే తండా మొత్తం తాలు కోసుకోవాల్సిందే. మామ తాళం వేశాడు. వేసి, ఆఫీసుకు అర్జీ రాశాడు. జవాబు రాలేదు. ఇంకోటి రాశాడు. మూడోది స్వయంగా తీసుకెళ్ళి ఇంజనీరు సారు చేతిలో పెట్టాడు. సారు మంచివాడే, "నా చేతుల లేదు పెద్దాయనా" అన్నాడు. నాలుగో రోజు పొద్దున పదింటికి, అందరూ చూస్తుండగా, మామ ఆ తూము తెరిచాడు. గట్టు మీద కూర్చుని, ఎన్నింటికి తెరిచిందీ ఎంత తెరిచిందీ తన రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాడు. సాయంత్రం ఆఖరి మడి తడిశాక మూసి, తెల్లారి తాళాల గుత్తి పట్టుకుని బాన్సువాడలో మా ఇంటికి వచ్చాడు.

చాయ తాగుతూ ఇదంతా చెప్పాడు. పింఛనుకు ఇంకా రెండేళ్ళుంది. "రాత్రి పూట తెరిస్తే ఎవ్వలకు తెలుస్తుండె మామా?" అన్నాను.

"గప్పుడు దొంగనైత గద బిడ్డా" అన్నాడు, చాయలో చక్కెర తక్కువైందన్నంత మామూలుగా. ఆయన కళ్ళద్దాలు గట్టు మీద పడి పగిలాయట. ఆఫీసులో కాగితాలు చదివిపెట్టడానికి నన్ను వెంట రమ్మన్నాడు.

మేం పోయేసరికి సారు మామ తరఫున కాగితం రాసే పెట్టాడు. నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, పొరపాటున తెరిచిన అని రాసిన. సంతకం పెట్టించు, ఇక్కడికే ఖతం చేస్త. లేకుంటే నౌకరి పోతది" అన్నాడు. ఆయన కాళ్ళు మొక్కాలనిపించింది. మామ పక్కన కూర్చుని పైకి చదివాను. "పొరపాటున" దగ్గరికొచ్చేసరికి ఆ ఒక్క మాట వదిలేసి ముందుకు వెళ్ళిపోయాను. అబద్ధమే, కానీ ఆ నిమిషంలో అదే ధర్మమనిపించింది. మామ కలం తీసుకుని కాగితం మీద ఆనించి ఆగాడు.

"నడుమ ఒక్కకాడ గుటక మింగినవ్ బిడ్డా. గాడ ఏమున్నది?"

ఆ మాట మీద వేలు పెట్టాను. "పొరపాటున" అని చదివాను. నన్ను ఒక్క మాట అనకుండా సారు వైపు తిరిగాడు.

"సారూ, పొరపాటంటే ఏంది? హుకుం సక్కగనే ఉండె, నాకే సమజ్ గాలేదని. నాకు మంచిగ సమజైంది. సమజయ్యే తెరిచిన. హుకుం తప్పిన, గది నా కసూరు, నా తప్పు. దానికేం రాస్తరో రాయుండ్రి. హుకుమంటే లెక్కలేకుంటే ఇంట్ల పండుకుంటుంటి, మీ ముంగటికి ఎందుకొస్తుంటి?"

"నౌకరి పోతది పెద్దాయనా."

"పోతే పోతది. బిడ్డా, గది కొట్టేసి తెలిసే అని రాయి."

నా చేత్తోనే కొట్టేశాను. నా చేత్తోనే "తెలిసే" అని రాశాను. మామ సంతకం చేసి తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు. అప్పుడు సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కాగితాలతో లోపలికి వస్తున్న గుమాస్తా గుమ్మంలోనే ఆగిపోయాడు. మా వంటింట్లో పీట మీద కూర్చుని సర్వపిండి తిని, మూతి తుడుచుకుని పోయే మా మామ ఇంతటివాడా అని నోరు తెరుచుకుని చూశాను.

ఉద్యోగం పోయింది, దాంతో పాటు పింఛనూ. తండావాళ్ళు ఆఫీసు ముందు కూర్చుంటామని వస్తే, "నీళ్ళు మీయి, శిక్ష నాది. పోయి కోతలు జూస్కోండ్రి" అని పంపించేశాడు. ఆ ఏడు వాళ్ళ వడ్లు ట్రాక్టర్లెక్కి బాన్సువాడ మార్కెట్టుకు వచ్చాయి. మామ తెలిసినవాళ్ళ కిరాణా కొట్లో పొట్లాలు కడుతూ బతుకు వెళ్ళదీశాడు. "నీ తెలివి పొయిల బెడితే అన్నం ఉడుకుతదా" అని అత్త సణిగేది. ఆమె మాటలోనూ న్యాయముంది, మామ కూడా కాదనలేదు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. రోజులు గడిచే కొద్దీ పోయినవాళ్ళు మసకబారతారని అంటారు. నాకేమో ఆ పొట్టి మనిషిని తలుచుకున్నప్పుడల్లా, ఏటికేడు తల ఇంకొంచెం పైకెత్తాల్సి వస్తోంది.