ఎడమ తొడకు ఒకటి, కుడి జబ్బకు ఒకటి

లాక్‌డౌన్లన్నీ ఎత్తేసిన తర్వాత వచ్చిన మార్చి నెలలో నన్ను మా విభాగం నుంచి టీకాల ప్రాజెక్టుకు మార్చారు. ఆర్డరులో నా హోదా సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. ప్రాజెక్టు గదులు యూనివర్సిటీలో మా విభాగం మేడ మీద, చివర్లో ఉండేవి. తార్నాకలో బస్సు దిగి క్యాంపస్ లోపలికి పావుగంట నడక.

నాకు డిగ్రీ లేదు. ఇంటర్ తర్వాత ల్యాబ్ డిప్లొమా చేసి చేరాను. మిగతా చదువంతా యూనివర్సిటీ లైబ్రరీలోనే. సాయంత్రం ఐదింటికి ల్యాబ్ తాళం వేసి రీడింగ్ రూముకు వెళ్లేవాణ్ణి. సూక్ష్మజీవుల మీద అక్కడున్న పుస్తకాలలో నేను తెరవనిది తక్కువ. ప్రాజెక్టు అధిపతి అయిన ప్రొఫెసరు మేడమ్ ఏదైనా సందేహం వస్తే, "ఆయన్నడగండి, పేజీ నంబరుతో సహా చెబుతారు" అని పరిశోధక విద్యార్థులను నా దగ్గరికి పంపేవారు. ఆ మాట నాకు ఇష్టంగానే ఉండేది.

లాక్‌డౌన్‌లో చాలామంది పసిపిల్లలకు టీకాలు తప్పిపోయాయి. ఆలస్యంగా వేసినా రక్షణ సరిగా వస్తుందా అన్నది మా ప్రశ్న. లాలాగూడ వైపు ఒక బస్తీని ఎంచుకున్నాం. అక్కడ టీకాలు వేసేది మేము కాదు, ఆరోగ్య కేంద్రం నర్సు రూతమ్మ. ఈ ఉద్యోగాన్ని ఏఎన్ఎం అంటారు. ఆమెది బాపట్ల నుంచి వచ్చి లాలాగూడలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. ఇరవై ఏళ్ల సర్వీసున్నా కాంట్రాక్టు ఉద్యోగమే. ఏటా రెన్యూవల్ కావాలి.

పది నెలలు నిండినా ఒక్క టీకా పడని బిడ్డ వస్తే ఒకే రోజు రెండు సూదులు వేస్తారు. ఎడమ తొడకు పెంటా. ఇది ఐదు జబ్బులకు కలిపి ఒకే టీకా. గొంతులో పొర కట్టి ఊపిరి ఆడనివ్వని డిఫ్తీరియా ఆ ఐదింటిలో ఒకటి. కుడి జబ్బకు తట్టు, రుబెల్లా టీకా. తర్వాత నెలకొకటి చొప్పున ఇంకో రెండు పెంటాలు. మూడోది అయ్యాక కొంతకాలానికి మేము బిడ్డ రక్తం కొద్దిగా తీసి, అందులో రక్షణనిచ్చే ప్రతిరక్షకాలు తయారయ్యాయా లేదా అని చూసేవాళ్లం.

ఏప్రిల్‌లో ఆరోగ్య కేంద్రంలో డీప్ ఫ్రీజర్ చెడిపోయింది. టీకాలుండే ఫ్రిజ్ బాగానే ఉంది కానీ, వాటిని బస్తీకి తీసుకెళ్లే డబ్బాలో నాలుగు గోడలకూ పెట్టే ఐస్‌ప్యాకులు గడ్డకట్టించే దారి లేదు. మా ల్యాబ్ ఫ్రీజర్ నుంచి ఇవ్వమని మేడమ్ నాకు చెప్పారు. అలా ప్రతి బుధవారం పొద్దున్నే రూతమ్మ టీకా సీసాలు, డబ్బా తీసుకుని ఆటోలో క్యాంపస్‌కు వచ్చేది. మా ఫ్రీజరులో ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీలు కింద ఉంటుంది. ప్యాకులు ఇటుకల్లా ఉండేవి.

మొదటి బుధవారమే ఆమె అంది: "సార్, వీటిని కాసేపు బయట పెట్టండి. చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదలాలి. మా సెంటర్లో అట్లాగే చేస్తాం."

"ఎందుకు?" అని అడిగాను.

"ఎందుకో నాకేం తెలుసు సార్? ట్రైనింగులో చెప్పారు, చేస్తన్నాం."

నేను నవ్వాను. "బయట ఎండ చూశారా సిస్టర్? టీకాకు మొదటి శత్రువు వేడి. మొన్ననే చదివాను. కరిగించుకుని తీసుకెళితే బస్తీ చేరేసరికి ఏం మిగులుతుంది?"

"మీరు చదువుకున్నోళ్లు, నేనేం చెప్తాను" అంది. కింద ఆటోవాడు హారను కొడుతున్నాడు. నేనే ప్యాకులు అమర్చి, చల్లదనం బాగా తగలాలని టీకా సీసాలను వాటికి ఆనించి పెట్టి మూత వేశాను. ఆ వేసవంతా అలాగే ఇచ్చాను. ఆమె మళ్లీ అడగలేదు.

వర్షాకాలంలో రక్త పరీక్షలు మొదలయ్యాయి. మేము చేసేది ఎలీజా అనే పరీక్ష. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో రక్తపు నీరు వేసి, రసాయనాలు కలిపితే, ప్రతిరక్షకాలు ఉన్న గుంట పసుపు రంగుకు తిరుగుతుంది. ఒక రోజు డిఫ్తీరియా పలకలో వేసవిలో టీకాలు పడ్డ పిల్లల గుంటలు ఒకటీ అరా తప్ప అన్నీ తెల్లగానే ఉన్నాయి. రసాయనాల తప్పేమోనని మర్నాడు మళ్లీ చేశాను. అదే ఫలితం.

నియమం ప్రకారం మేడమ్ ఆ సంగతి ఆరోగ్య శాఖకు రాశారు. అక్కడివాళ్లు ఒకే అర్థం తీశారు: కార్డులో టీకా వేసినట్టు రాసి ఉంది, ఒంట్లో దాని జాడ లేదు, కాబట్టి నర్సు సూది వేయకుండానే వేశానని రాసింది. రూతమ్మకు మెమో వచ్చింది. నెలాఖరులోగా సంజాయిషీ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే రెన్యూవల్ ఉండదు.

ఆమె మెమో పట్టుకుని ల్యాబ్‌కు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "సార్, మీ మిషన్ ఏం చెప్పిందో నాకు తెలీదు. నేను వేసిన సూది వేసినట్టే. కావాలంటే తల్లుల్ని అడుగుదురు రండి."

మేడమ్ అనుమతితో రూతమ్మ వెంట బస్తీకి వెళ్లాను. మొదటి ఇంట్లో లక్ష్మి అనే ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. రూతమ్మ నిజంగా సూదులు వేసిందా అని అడిగాను.

"ఏంది సారూ, గిదేం ముచ్చట? నా బిడ్డ తొడ గడ్డ కట్టి రెండు దినాలు కాలు ముట్టనియ్యలే. రాత్రంతా నేను ఎత్తుకొని తిరిగిన. ఏయకుంటెనే గట్లయితదా?" అంది. తర్వాత రూతమ్మ వైపు చూసి, "అక్కా, ఈ సారుకు పిల్లలున్నరా లేరా?" అని అడిగింది.

అడిగిన ఇళ్లన్నిటా దాదాపు ఇదే మాట. తొడ మీద ఒకటి, జబ్బ మీద ఒకటి, ఒకే రోజు.

తిరిగి వస్తూంటే బస్సులో నాకు తట్టింది. రెండు టీకాలూ ఒకే డబ్బాలో వెళ్లాయి, ఒకే చేతితో పడ్డాయి. మేము చూసింది ఒకటే. మిగిలిన రక్తపు నీరు ఫ్రీజరులో భద్రంగా ఉంది. మేడమ్‌ను అడిగి అదే పిల్లలకు తట్టు పరీక్ష కూడా చేశాను. పలక పసుపు పచ్చగా వచ్చింది.

రెండు పలకల ఫలితాలూ పక్కపక్కన రాసుకున్నాను. సూదులు వేయకపోతే రెండూ తెల్లగా ఉండాలి. వేడికి పాడైతే ముందు పోవాల్సింది తట్టు టీకా, ఎందుకంటే అది వేడిని బొత్తిగా తట్టుకోలేదు. తట్టు టీకా బాగుండి పెంటా ఒక్కటే పోయిందంటే కారణం వేరే ఉండాలి.

సాయంత్రం లైబ్రరీలో వేసవిలో చదివిన పుస్తకమే మళ్లీ తీశాను. వేడి గురించిన భాగం చదివి ఆపేశాను అప్పుడు. రెండు పేజీల తర్వాత ఉంది సంగతి. పెంటా గడ్డకడితే పనికిరాదు. పొడిగా వచ్చే తట్టు టీకాకు ఆ బాధ లేదు. అందుకే ఐస్‌ప్యాకును లోపల నీళ్లు కదిలేదాకా బయట ఉంచాలి. రూతమ్మ చెప్పిన మాటే, దాదాపు ఆమె చెప్పినట్టే.

మర్నాడు పొద్దున్నే మేడమ్‌కు చెప్పాను. ఆమె, "చేసి చూపించండి" అన్నారు. వేసవిలో చేసినట్టే డబ్బా సర్ది, లోపల థర్మామీటరు పెట్టి, గడువు తీరిన పెంటా సీసా ఒకటి ప్యాకుకు ఆనించి మూత వేశాను. గంట తర్వాత తెరిస్తే థర్మామీటరు సున్నాకు కింద ఉంది. సీసాలో మందు గడ్డకట్టింది; వేసవిలో సూది వేసే వేళకు అది కరిగిపోయి ఉండాలి, అందుకే ఎవరికీ కనబడలేదు. కరిగాక దాన్నీ, గడ్డకట్టని ఇంకో సీసానూ ఒకేసారి ఊపి బల్ల మీద పెట్టాం. గడ్డకట్టిన సీసాలో తెల్లటి మడ్డి త్వరగా అడుక్కి దిగింది. రెండోది మబ్బుగానే నిలిచింది. దీన్ని షేక్ టెస్ట్ అంటారు. ఏఎన్ఎం శిక్షణలో ఇది చేసి చూపిస్తారు కానీ ఎందుకో చెప్పరని తర్వాత రూతమ్మ అంది.

నివేదిక రాసేటప్పుడు మా ఆఫీసు సూపరింటెండెంటు నన్ను పక్కకు పిలిచారు. "ఐస్‌ప్యాకుల వల్ల అని రాస్తే చాలదా మాస్టారూ? ఎవరిచ్చారో, ఎవరు వద్దన్నారో అదంతా ఎందుకు? రిటైరయ్యే ముందు ఈ గోల మీకెందుకు?" అన్నారు. మంచికే చెప్పారు. కానీ అలా రాస్తే తప్పు డబ్బా మోసినామె మీదికే పోతుంది. ప్యాకులు బయట పెట్టమని ఆమె అడిగిందనీ, నేను నిరాకరించాననీ, సీసాలు ఆనించి పెట్టింది నేనేననీ రాసి సంతకం చేశాను.

మెమో ఉపసంహరించుకున్నారు. ఆమెకు రెన్యూవల్ అయింది. నా సర్వీసు పుస్తకంలో హెచ్చరిక ఒకటి చేరింది. ఆ వేసవి పిల్లల ఫలితాలను అధ్యయనం నుంచి తీసేయాల్సి వచ్చింది. పరిశోధనకు అది పెద్ద నష్టమే. అంతకంటే ముఖ్యం, ఆ పిల్లలందరికీ పెంటా మళ్లీ మొదటి నుంచి వేయాలని మేడమ్, ఆరోగ్య కేంద్రం డాక్టరు కలిసి నిర్ణయించారు. ఇంటింటికీ వెళ్లి చెప్పడానికి రూతమ్మ వెంట నేనూ వెళ్లాను.

ఎక్కువ చల్లబడి మందు పాడైందనీ, తప్పు నాదేననీ లక్ష్మికి చెప్పాను. ఆమె నన్ను పై నుంచి కిందికి చూసి, "తప్పు నీది, తొడ నా బిడ్డదా?" అంది. రూతమ్మ, "తిట్టేది తర్వాత తిట్టమ్మా, పాపను ఒళ్లో పెట్టుకో ముందు" అని సూది సిద్ధం చేసింది. లక్ష్మి తిడుతూనే పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని కాలు పట్టుకుంది.

పాడైన టీకాకు రంగు మారదు, వాసన రాదు. కార్డులో తేదీ సక్రమంగానే ఉంటుంది. కాబట్టి ఈ పనిలో రక్షణంతా పద్ధతిలోనే ఉంది. ఆ పద్ధతికి కారణం పాటించేవాళ్లకు తెలియకపోవచ్చు. అంతమాత్రాన కారణం లేదని కాదు. మార్చమని చెప్పేముందు దాన్ని కనుక్కోవాల్సిన బాధ్యత మార్చమన్నవాడిదే. నేను ఆ పని చేయలేదు.