బోర్లించిన గంప

మా అప్ప కూరగాయలమ్మే చోట ఒక పద్ధతి ఉండేది. గంప బోర్లించి దాని మీద రాయి పెడితే మనిషి వచ్చి కూర్చున్నట్టే లెక్క. జ్వరమొచ్చి మంచమెక్కినా, ఊళ్లో చావుకి వెళ్లి పెద్దకర్మ దాకా ఉండిపోయినా, ఆ గంపను ఎవరూ కదపరు. పక్కవాళ్లు దాని చుట్టూ ఊడుస్తారు, వానొస్తే ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. ఈ రూలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. పోలీసు లేకుండా, గొడవ లేకుండా ఇన్నేళ్లు నడిచిన రూలు ఈ విశాఖపట్నంలో నేను చూసింది అదొక్కటే.

అప్ప అంటే మా పెద్దక్క. మా వైపు అలాగే పిలుస్తాం. విజయనగరం అవతల పల్లెలో మడి చెక్కలు చేసుకుని బతికిన మనిషి. బావ పోయాక ఇక్కడికి వచ్చేసింది. అప్పటికే నేను పోర్టులో ఎలక్ట్రీషియన్‌గా కుదురుకున్నాను. మా ఇంట్లో ఉండమంటే వినలేదు. "తమ్ముడింట్లో తిని కూకుంటే రేపు మరదలు ఏటంటాదోనని బయ్యం, అనకపోతే సిగ్గు" అని, దువ్వాడ వైపు వెళ్లే రోడ్డు పక్కన, మూతపడ్డ సినిమా హాలు గోడ కింద తోటకూర, గోంగూర, వంకాయలు పెట్టుకుని కూర్చుంది. లారీలు లేపే నల్లదుమ్ము ఆకుల మీద పడుతుంటే నీళ్లు చిలకరిస్తూ, వచ్చేపోయేవాళ్లని వరసలు పెట్టి పిలుస్తూ, నాకంటే దర్జాగా బతికింది.

కిందటేడు ఎండల్లో బేరం మధ్యలో కళ్లు తిరిగి పడిపోయింది. పక్కన నిమ్మకాయలమ్మే ఆవిడే నీళ్లు కొట్టి, ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఇకమీదట ఎండలో కూర్చుంటే ప్రాణం మీదకొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. బేరం మానేయమని నేనూ చెప్పాను. "మానేసి ఏటి సెయ్యాలి, గోడకేసి సూత్తా కూకోవాలా?" అంది. ఆవిడకి కావలసింది ఒక్కటే, నెత్తిమీద కాస్త నీడ.

ఆ నీడ వస్తుందన్నారు. రోడ్డు వెడల్పు చేస్తారట, గోడ కింద వాళ్లని లేపేస్తారట, బదులుగా వెనక ఖాళీ స్థలంలో రేకుల షెడ్డు వేసి సిమెంటు గట్లు కట్టి ఇస్తారట. మా వార్డు కార్పొరేటరే వచ్చి చెప్పాడు. అతనిది మా పక్క ఊరే. ఎలక్షన్లలో అప్ప అతని జెండా పట్టుకుని సందుసందూ తిరిగింది. అతనూ ఆవిణ్ణి "అప్పా" అనే పిలుస్తాడు. "ముందర మనోళ్లకే, తరవాతే ఎవులైనా" అని భుజం మీద చెయ్యేసి మరీ చెప్పాడట. అప్ప ఆ మాట పట్టుకుని మురిసిపోయింది. నిజం చెప్పాలంటే నాకూ లోపల హాయిగానే అనిపించింది. పరాయివాడి మనిషికి పనైతే అవినీతి అని అరుస్తాం, మనవాడి చేత మన పనైతే పలుకుబడి అనుకుంటాం. అందులో నేనేం తీసిపోలేదు.

షెడ్డు తయారైంది. ఫలానా రోజు పొద్దున్న కార్పొరేషను ఆఫీసువాళ్లు వచ్చి, ఏ గట్టు మీద ఎవరు కూర్చుని ఉంటే ఆ గట్టు వాళ్ల పేరున రాసి ఫొటో తీస్తారని కబురొచ్చింది. ముందురోజు సాయంత్రమే అప్ప వెళ్లి, కుళాయి పక్కన మూల గట్టు చూసుకుని, కడిగి, ముగ్గేసి, తన గంప బోర్లించి రాయి పెట్టింది. అంచు చిరిగిపోతే నీలం నైలాను తాడుతో తనే అల్లుకున్న గంప అది. గోడ కింద వాళ్లందరూ అలాగే తలా ఒక గట్టు మీద తలా ఒక గంప పెట్టుకున్నారు.

మర్నాడు తెల్లవారుతూనే, రోజూ వెళ్లినట్టే, హోల్‌సేలు మార్కెట్టుకి వెళ్లింది. వద్దన్నాను. "సరుకు లేకండా ఒట్టి గట్టు మీద కూకుంటే నాను బేరగత్తెనని ఎవులు నమ్ముతారురా? తాజా వంకాయలు ఎట్టుకుని కూకుంటేనే కదా ఫొటో బాగుంటాది. జాగాకేటి, గంపుంది కదా" అంది. మిగతా ఆడవాళ్లూ అదే అనుకుని ఆటోల్లో కలిసి వెళ్లారు.

ఆఫీసువాళ్లు అనుకున్న వేళకంటే ముందే వచ్చారు. ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పే వచ్చారు. అప్ప ఫోన్ చేస్తే నేను డ్యూటీ దిగి అలాగే వెళ్లాను. వెళ్లేసరికి ఆవిడ ఇంకా ఆటో పక్కనే, వంకాయల బస్తా మీద చెయ్యేసి నిలబడి ఉంది. గట్లన్నీ నిండిపోయాయి. ఏనాడూ ఆ రోడ్డు మీద చూడని మొహాలు. ఒకడు చలవ కళ్లద్దాలు తియ్యకుండానే ఫొటో దిగుతున్నాడు. మూల గట్టు మీద కార్పొరేటరు బావమరిది, కాలు మీద కాలేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. వంకాయ ముచ్చిక ఎటుంటుందో కూడా తెలియని మనిషి. గంపలన్నీ షెడ్డు వెనక ఒక్కచోట గుట్టగా విసిరేసి ఉన్నాయి.

"బాబూ, నా గంప అక్కడుండాలి కదా" అంది అప్ప, పేర్లు రాసుకుంటున్న ఆఫీసరుతో. నవ్వాడు. "గంపకి ఫొటో తీస్తారేటమ్మా? మనిషుండాలి." పక్కన ఇంకొకడు కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గట్టిగా అరిచాను. ఎవడూ పట్టించుకోలేదు. పోర్టులో క్రేను ఆగిపోతే నా మాటకి పదిమంది పరిగెడతారు. ఇక్కడ మాత్రం గాలికి అరిచినట్టే అయింది.

పాతవాళ్లలో గట్టు దొరికింది నిమ్మకాయలావిడ ఒక్కదానికే. వాళ్లాయన కార్పొరేటరు కారు నడుపుతాడు. మార్కెట్టుకి వెళ్లొద్దని ముందురాత్రే ఇంట్లో చెప్పేశాడు, నోరు విప్పొద్దనీ చెప్పాడు. అప్పని ఆస్పత్రికి మోసుకెళ్లిన మనిషి, ఆ పొద్దున అప్ప గంప ఎత్తి విసిరేస్తుంటే తల వంచుకుని నిమ్మకాయలు తుడుచుకుంటూ కూర్చుంది. ఆవిణ్ణి తిట్టబోయాను. "ఊరుకో, దాని మొగుడి ఉద్యోగం పోదేటి" అని అప్పే నన్ను లాక్కొచ్చేసింది. గుట్టలో తన గంప కోసం వెతికింది. దొరకలేదు.

కార్పొరేటరు ఇంటికి వెళ్లాం. మర్యాదకేం లోటు లేదు. కుర్చీ వేశాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు. అప్ప కుర్చీ అంచున కూర్చుని, డాక్టరు చెప్పినదంతా చెప్పింది. అతను ఎంతో జాలిగా విన్నాడు.

"నువ్వు నా సొంతప్ప లాంటిదానివి. బయటోళ్లకి నాను నచ్చసెప్పలేను, గొడవ సేత్తారు. మనోళ్లే సర్దుకోకపోతే ఇంకెవులు సర్దుకుంటారు, సెప్పు?"

"మీ బావమరిది సర్దుకోవచ్చు కదా" అన్నాను.

నా వైపు తిరిగి తొడ మీద తట్టాడు. "ఏటన్నా, సదువుకున్నోడివి, నీక్కూడా నాను సెప్పాలేటి? ఇంట్లో ఆడోళ్ల మాట నెగ్గాలి కదా. ఇంకో షెడ్డు వత్తాది. అప్పుడు సూత్తాను. ముందర మనోళ్లకే."

అప్ప లేచి దండం పెట్టింది. ఆ దండం చూసి నాకు కలిగిన అసహ్యం ఇప్పటికీ పోలేదు. అతని మీద కాదు, అతనెలాంటివాడో తెలిసిపోయింది. దండం పెట్టక తప్పని మా బతుకు మీద.

గోడ కొట్టేశారు. రోడ్డు వెడల్పైంది. అప్ప డ్రైనేజీ కాలవ పక్కన, చిరిగిన గొడుగు ఒకటి కట్టెకి కట్టుకుని మళ్లీ కూర్చుంది. కార్పొరేషను బండి వచ్చినప్పుడల్లా సరుకు మూటగట్టి సందులోకి పరుగు. ఒకసారి మూట దక్కింది గానీ తక్కెడ పోయింది. గొడుగు నీడ మనిషి మీద ఉంటే కూర వాడిపోతోందని కూర మీదకే జరుపుకునేది. మానెయ్యమని నేను పోరడం, మానెయ్యనని ఆవిడ తెగేసి చెప్పడం, మా ఇద్దరికీ అదే మాటైపోయింది.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మొహం కందగడ్డలా ఉంది, మాట తడబడుతోంది. రెక్క పట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్లాను, కుళాయి ఉంది కదా అని. లోపల నీడగా, నిశ్శబ్దంగా ఉంది. గట్ల మీద బేరాలేమీ లేవు. ఒకదాని మీద మోటారు సైకిలు, ఇంకోదాని మీద జెండా కర్రల కట్టలు. అమ్ముతున్నది నిమ్మకాయలావిడ ఒక్కతే. కుళాయి పక్కన మూల గట్టు ఖాళీగా ఉంది. దాని మీద గంప బోర్లించి, రాయి పెట్టి ఉంది. అంచుకి నీలం నైలాను తాడు.

"కార్పొరేటరు బావమరిది ఎప్పుడూ రాడప్పా" అంది నిమ్మకాయలావిడ, మా మొహాలు చూడకుండా. "ఎవులైనా ఎక్కి కూకుంటారేమోనని ఈ గంప బోర్లించి పోయాడు. గంపుంటే ఇక్కడ ఎవులూ ముట్టుకోరని వోడికెవులో సెప్పారట."

"ఇది నీ గంపే కదా అప్పా" అన్నాను. అప్ప తలూపింది. నేను రాయి మీద చెయ్యి వేశాను, విసిరేద్దామని. అప్ప నా మణికట్టు పట్టుకుంది. అంత నీరసంలో అంత బలం ఎక్కణ్నుంచి వచ్చిందో.

"వొద్దురా. గంపుంది కదా."

"నీ గంపే!"

"గంప నాదే. ఎట్టింది నాను కాదు కదా."

నిమ్మకాయలావిడ కొంగుతో నోరు మూసుకుని ఏడుస్తోంది. అప్ప కుళాయి తిప్పి మొహం కడుక్కుంది, దోసిలి పట్టి నీళ్లు తాగింది. పోతూపోతూ గట్టు మీద పడున్న ఎండుటాకుల్ని, గంప కదలకుండా, దాని చుట్టూ చేత్తో ఊడ్చింది. కొంగు నెత్తిన వేసుకుని ఎండలోకి వెళ్లిపోయింది.